గులాబీ అట్ట, నీలం అట్ట

పోయిన నెల, నా పుస్తకాలు అచ్చువేసేవాళ్ళ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. మర్యాదస్తురాలు. చెప్పులు గుమ్మం బయట విప్పి, ఇచ్చిన నీళ్ళు తాగి, సంచిలోంచి రెండు అట్టల నమూనాలు తీసి నా ముందు పెట్టింది. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గుట్ట ఎక్కిన ముగ్గురు పిల్లల కథ అది. ముగ్గురిలో ముందు నడిచేది ఆడపిల్ల. "కథలో హీరో అమ్మాయి కదా మేడమ్, అందుకని దీన్ని ఆడపిల్లల పుస్తకాల్లో పెడదామనుకుంటున్నాం. షాపుల్లో ఆ అర వేరే ఉంటుంది," అంది. రెండు అట్టలూ గులాబీ రంగువే, ఒకటి లేత, ఒకటి ముదురు. వద్దన్నాను. నా పుస్తకం మీద ఆడ, మగ అని రాయడానికి వీల్లేదనీ, అలాగైతే అసలు అచ్చే వేయొద్దనీ చెప్పాను. ఆ అమ్మాయి నొచ్చుకోలేదు గానీ ఆశ్చర్యపోయింది. "ఇప్పుడు అందరూ ఇలాగే చేస్తున్నారు మేడమ్," అంది. "అందరికంటే ముందు మేమే చేశామమ్మా, ఆర్మూరులో," అన్నాను. సరదాకి అన్నాననుకుని నవ్వింది. చివరికి వాళ్ళు నా మాట విన్నారు, అట్ట మార్చారు, ఆ సంగతి అక్కడితో ముగిసింది. కానీ నేను సరదాకి అనలేదు.

మా బాపుకి, అంటే మా నాన్నకి, ఆర్మూరు బస్టాండు నుంచి పసుపు బజారుకు పోయే దారిలో ఒక చిన్న దుకాణం ఉండేది. పలకలు, బలపాలు, నోటుబుక్కులు, సిరాబుడ్లు, వాటితోపాటు ఒక గోడంతా పిల్లల కథల పుస్తకాలు. ఆ గోడ ఆయన సొంత ముచ్చట. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి, నెలకోసారి నిజామాబాద్ పోయి కట్టలు కట్టలుగా కథల పుస్తకాలు తెచ్చేవాడు. తెచ్చినవాటిలో సగం బస్సులోనే చదివేసేవాడు. పసుపు దిగే రోజుల్లో, అంటే ఎండలు ముదిరే ముందు, మా వీధంతా బండ్లే. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ముల్ని డ్రముల్లో వేసి తిప్పి నిగ్గు తేల్చి, బస్తాలకెత్తి తెచ్చేవారు రైతులు. ఆ బస్తాలు దిగేటప్పుడు లేచే దుమ్ము ఎక్కడికి పోతుంది? మా దుకాణంలోకే. నోటుబుక్కు తెరిస్తే పసుపు వాసన, బాపు చొక్కా కాలరు దగ్గర పసుపు, బీరువా అద్దం తుడిస్తే బట్ట పచ్చన. ఇంట్లోకి వస్తే ఇంకో వాసన. అమ్మా నాయనమ్మా వసారాలో చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. తునికాకు తడి గోనెలో మగ్గుతున్న వాసన, తంబాకు ఘాటు. నాయనమ్మ చుట్టుతూ చుట్టుతూ మధ్యలో తుమ్మేది, తుమ్మిన ప్రతిసారీ పక్కింటివాళ్ళని తిట్టేది, వాళ్ళకీ తుమ్ముకీ ఏమీ సంబంధం లేకపోయినా. బడి నుంచి వచ్చాక నా పని, కాసేపు వాళ్ళకి దారం తుంచి ఇవ్వడం, ఆ తర్వాత దుకాణానికి పోయి పుస్తకాలకు అట్టలు వేయడం.

అట్టలు ఎందుకంటే, ఆ దుమ్ముకి తెల్లటి పుస్తకం వారం తిరక్కుండా పచ్చబడిపోయేది. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి, "గిది పాత బుక్కేనా?" అనేవారు. ఆ ఏడు బడి వార్షికోత్సవానికని బాపు తెప్పించిన రంగుకాగితాల్లో రెండు దొంతరలు మిగిలిపోయాయి, ఒకటి గులాబీ, ఒకటి నీలం. అవే వాడమన్నాడు. నేను అయిదో తరగతి. చేతికి ఏది వస్తే అది తీసి అట్ట వేశాను, గులాబీ అయిపోతే నీలం, నీలం దూరంగా ఉంటే గులాబీ. పైన కలంతో పుస్తకం పేరు రాశాను. అంతకుమించి దాంట్లో ఏమీ లేదు.

ఒక మధ్యాహ్నం ఒక రైతు వచ్చాడు. తలకి గులాబీ రంగు రుమాలు, మంచి ఎత్తు మనిషి. కొడుకుకీ కూతురికీ ఏదన్నా కథల బుక్కు ఇయ్యమన్నాడు. బాపు రెండు తీసి పెట్టాడు. "ఒక్కటి సాలు సేటూ, ఇద్దరు కల్సి సదువుకుంటరు," అన్నాడాయన. బాపు ముందు ఆయన రుమాలు వంక చూశాడు, తర్వాత బల్లమీద పుస్తకాల వంక చూశాడు. "అట్ల గాదు పటేలా. గులాబిది మొగపిల్లలకు, నీలంది ఆడివిల్లలకు. ఏరే ఏరే ఉంటయి," అన్నాడు. ఆయన తల ఊపి రెండూ తీసుకుపోయాడు. నేను స్టూలు మీద కూర్చుని జిగురు పూస్తున్నదాన్ని తలెత్తి చూశాను. బాపు నా వైపు చూడలేదు. ఇది ఇలా జరిగింది కాబట్టి మా ఊళ్ళో గులాబీ మగపిల్లల రంగయింది. ఆయన ఆనాడు నీలం రుమాలు కట్టుకుని వచ్చి ఉంటే ఇంకోలా అయ్యేది. రెండు వారాల్లో అది అందరికీ తెలిసిపోయింది. తల్లులు వచ్చి, "మా పోరగానికి గులాబిది ఇయ్యుండ్రి," అని అడిగేవారు. ఎవ్వరూ ఎందుకని అడగలేదు. మగపిల్లలు గులాబీ అట్టల్లో దొరసాని పెళ్ళి కథలు చదివారు, ఆడపిల్లలు నీలం అట్టల్లో దొంగల వేట చదివారు. ఎవరూ తిప్పి పంపలేదు.

బాపు మోసం చేసే మనిషి కాదు. నోరు జారిన మాట ఆయనకి లోపల గుచ్చుకుంటూనే ఉండి ఉండాలి. ఒకరోజు నన్ను పిలిచి, "మనం చెప్పిన మాట నిజం గావాలె బిడ్డా. నువ్వు అన్ని సదువుతవు గదా, ఏది మొగపిల్లలదో ఏది ఆడివిల్లలదో నువ్వే సూసి సర్ది పెట్టు," అన్నాడు. అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం కంటే నిజం చేయడం ఆయనకి సులువనిపించింది. నాకైతే గర్వంగా ఉంది. గోడంతా నా చేతికి వచ్చింది. కింద చాప వేసుకుని రెండు కుప్పలు పెట్టాను. అడవి, ఏరు, దొంగలు, యంత్రం ఉంటే గులాబీ. వంటిల్లు, పెళ్ళి, బొమ్మ, జబ్బుపడిన తల్లి ఉంటే నీలం. ఒక కథలో పెళ్ళింట్లో దొంగ పడ్డాడు. దాన్ని ఎటు పెట్టాలో తెలియక నాయనమ్మని అడిగాను. "దొంగ మొగోడా ఆడిదా?" అంది చుట్టుతూనే. మగవాడని చెప్తే, "అయితే గులాబిదాంట్లెయ్యి. కని పెండ్లికూతురు ఏం పాపం జేసింది?" అంది. నాకేం తోచక దాన్ని పక్కన పెట్టాను.

అప్పటికి నాకు అన్నిటికంటే ఇష్టమైన పుస్తకం ఒకటుంది. పాత పడవ ఇంజను ఒకటి దొరికితే దాన్ని బాగుచేసుకుని గోదావరిలో దిగువకు పోయే ఇద్దరు పిల్లల కథ, రెండు భాగాలు. నేను నాలుగుసార్లు చదివాను. దాన్ని తీసి గులాబీ కుప్పలో పెట్టి, ఆ రంగు అట్ట వేశాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇది మగపిల్లలది అని నాకు ఎవరూ చెప్పలేదు, పెట్టింది ఆడపిల్ల చెయ్యి. అదే చేత్తో ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఆ రోజు అదెలా అంత సులువుగా అటు పోయిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వేల్పూరు నుంచి రాజన్న అని ఒక రైతు వచ్చేవాడు. పసుపు ఒక్కసారే తేకుండా మూడు నాలుగు విడతల్లో తెచ్చేవాడు, తెచ్చినప్పుడల్లా బండి మా దుకాణం ఎదురుగా చింతచెట్టు కింద నిలిపేవాడు. బండి మీద పిల్లలు కూడా వచ్చేవారు. పెద్దది గంగామణి, నా ఈడుది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఇంజను కథ మొదటి భాగం తీసుకుపోయింది. అప్పటికింకా నేను కుప్పలు సర్దలేదు, ఆ పుస్తకానికి నీలం అట్ట పడి ఉంది. మళ్ళీ వచ్చింది మూడు వారాలకి. బండి ఆగీ ఆగకముందే దూకి, వాళ్ళ నాయన కంటే ముందు దుకాణంలోకి వచ్చింది.

"రెండోది వచ్చిందా? నడిమి నీళ్ళల్ల ఇంజను ఆగిపోయింది," అంది నాతో, ఊపిరి తిప్పుకోకుండా.

నాకు తెలుసు. మొదటి భాగం అక్కడే ఆగుతుంది. "వచ్చింది. మస్తుంటది," అన్నాను. ఆమె గోడంతా వెతికి, నేను రాసిన పేరు చదివి, లాగి తీసింది. అప్పుడే రాజన్న వెనక నుంచి వచ్చాడు.

"గది గులాబిది గదా బిడ్డా. మొగపిల్లలది. ఇంకోటి తీస్కో," అన్నాడు. కోపం లేదు ఆయన గొంతులో. కూతురిని బండి మీద పక్కన కూర్చోమన్నట్టే అన్నాడు.

"నాకు గిదే గావాలె బాపూ. దీని ముంగటిది నేను సదివిన."

రాజన్న మా బాపు వైపు చూశాడు. "గట్లనా సేటూ? ఆడివిల్లలు సదివేదేనా గిది?"

మా బాపు నోట అవునన్న మాట వస్తుందని నేను ఎదురుచూశాను. ఆయన పెదవి తడుపుకున్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు తల్లులు ఉన్నారు, ఇద్దరి చేతుల్లోనూ రంగు అట్టలు ఉన్నాయి. "గది పోరగాండ్లదే పటేలా," అన్నాడు. గంగామణి నా వైపు తిరిగింది. నేను ఏమన్నా చెప్తానని చూసింది. నేను జిగురు డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయాను. ఆమె పుస్తకాన్ని ఎక్కడ తీసిందో సరిగ్గా అక్కడే పెట్టి, ఇంకోటి తీసుకోమంటే వద్దని, బండి దగ్గరికి నడిచింది.

ఆ సాయంత్రం నేను అన్నం కలిపి తినకుండా కూర్చుంటే అమ్మ అడిగింది. చెప్పాను. నాయనమ్మ విని, "బుక్కేమన్న రైకనా, ఆడోళ్ళకో తీరు మొగోళ్ళకో తీరు కుట్టనీకి? పైసలొస్తయంటే ఏమన్న అమ్ముతడు," అని కొడుకుని తిట్టింది. అమ్మ ఆకు మీద కొలతకి రేకుముక్క పెట్టి కత్తెరతో కత్తిరిస్తూనే ఉంది. అమ్మకి చదువు రాదు. ఒక కట్ట పూర్తయ్యాక, "అట్టలేసింది ఎవలు?" అంది.

"నేనే."

"మల్ల అవి ఇప్పనీకి వస్తదా నీకు?"

"వస్తది. కని బాపు వద్దంటడు."

"నువ్వు బాపుతోని కొట్లాడుకుంట కూసుంటవా, ఆ పొల్లకు బుక్కు అందేటట్టు సూస్తవా?" అంది, ఇంకో ఆకు తీసుకుంటూ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం బాపు ఇంటికి పోయి తిని కాసేపు నడుం వాల్చేవాడు, అంతవరకు దుకాణం నేను చూసుకునేదాన్ని. ఆ ఆదివారం ఇంజను కథ రెండో భాగానికి గులాబీ అట్ట విప్పి నీలం అట్ట వేశాను. తర్వాతి విడత బండి వచ్చినప్పుడు గంగామణి దుకాణంలోకి రాలేదు, చింతచెట్టు కిందే నిలబడింది. నేనే రాజన్న దగ్గరికి తీసుకుపోయాను. "కాకా, గిది నీలంది. ఆడివిల్లలది," అన్నాను. ఆయన సంతోషంగా అందుకుని, "ఇగో బిడ్డా, నీది," అని కూతురి చేతికిచ్చాడు. ఆమె పైన రాసిన పేరు చూసింది, నన్ను చూసింది, పుస్తకాన్ని ఛాతీకి అదుముకుంది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఇక ఆగలేదు. ప్రతి ఆదివారం కొన్ని కొన్ని అట్టలు మార్చాను. నెల తిరిగేసరికి గోడ మీద ఏ రంగులో ఏముందో నాకు కూడా తెలియకుండా పోయింది.

బాపుకి తెలిసింది ఎండాకాలం సెలవుల్లో. ఎవరో తల్లికి చూపించడానికని నీలం పుస్తకం ఒకటి తెరిస్తే, బావిలో తాడుకి వేలాడుతున్న దొంగ బొమ్మ వచ్చింది. ఆమె వెళ్ళేదాకా ఊరుకుని, గోడలోంచి ఇంకో నాలుగు లాగి చూశాడు. "ఎన్ని మార్చినవే?" అన్నాడు. అన్నీ అన్నాను. దెబ్బ పడుతుందనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒక్కరన్న తిరిగి తెచ్చిండ్రా?"

"లేదు బాపు."

"మొగపిల్లలు గూడ?"

"కాంపౌండర్ కొడుకు వారం వారం వచ్చి నీలంది తీస్కపోతడు. మా అక్కకు అంటడు. వాళ్ళింట్ల అక్క లేదు."

బాపు నవ్వబోయి ఆగిపోయాడు. "అయితే ఇన్ని దినాలు మనం అమ్మింది రంగుకాయిదమే," అన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని అట్టలన్నీ విప్పేశాం. పాత వార్తాపత్రికలతో ఒకే తీరు అట్టలు వేశాం. దుకాణం ముందు ఒక బెంచీ వేయించాడు. వచ్చిన పిల్లలు దానిమీద కూర్చుని మొదటి రెండు పేజీలు చదివి, నచ్చిందే తీసుకోవాలి. తల్లిదండ్రులు ఏదో ఒకటి ఇయ్యమంటే, "సదివేటోళ్ళు ఆల్లు, ఆల్లనే ఏరుకోనియ్యుండ్రి," అనేవాడు. దుకాణం మునిగిపోలేదు. అన్నకి నచ్చింది చెల్లికి నచ్చక, చాలా ఇళ్ళకి రెండేసి పుస్తకాలే పోయాయి. కాంపౌండర్ కొడుకు మాత్రం ఇంకో నెల రోజులు అలవాటుకొద్దీ అక్కకే అంటూ వచ్చాడు.

ఆ తర్వాత కాలం మారింది. నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదివే రోజులకి మా ఊళ్ళో ఇంటింటికీ టీవీ వచ్చింది, గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళలో మెరిసే పెట్టెల్లో బొమ్మలు వచ్చాయి, నగరం నుంచి నున్నటి కాగితం మీద అచ్చయిన పిల్లల పుస్తకాలు వచ్చాయి. వాటిలో కొన్నిటి అట్టల మీదే అమ్మాయిల కోసం, అబ్బాయిల కోసం అని ముద్రించి ఉండేది. బాపు వాటిని తిప్పి తిప్పి చూశాడు. మేం వేసింది జిగురు పూసిన కాగితం, తడిబట్టతో తుడిస్తే ఊడేది. ఇది చింపితే పుస్తకమే చిరుగుతుంది. ఆయన ఆ కట్టలు తెప్పించడం మానేశాడు. అడిగినవాళ్ళకి లేవని చెప్పేవాడు. వాళ్ళు వేరే దుకాణానికి పోయేవారు, పోనిచ్చేవాడు. మొండితనం అనుకునేదాన్ని అప్పట్లో. ఇప్పుడు అదే మొండితనం నాకూ వచ్చింది, దాన్ని వదిలే ఉద్దేశం లేదు. ఇవాళ పెద్ద దుకాణాల్లో పిల్లల పుస్తకాల అరలు చూస్తే, బాపు ఆనాడు ఒక్క వాక్యంలో చేసిన పనిని ఎంతమంది కూర్చుని ఎంత శ్రమపడి చేస్తున్నారో అనిపిస్తుంది. ఒక తేడా ఉంది. బాపు స్టూలు మీద కూర్చుని తన ఎదురుగా ఉన్న కూతురిని అడిగాడు, తిరిగి తెచ్చారా అని. వీళ్ళు ఎవరిని అడుగుతారో నాకు తెలియదు.

గంగామణిని మళ్ళీ చూసింది ఆ డిగ్రీ రోజుల్లోనే. సెలవులకి ఇంటికి వచ్చి, ఏడాదికి సరిపడా పసుపు కొందామని అమ్మతో బజారుకు పోయాను. ఒక కుప్ప దగ్గర ఇద్దరు వ్యాపారులతో గట్టిగా మాట్లాడుతున్న మనిషి గొంతు గుర్తుపట్టాను. ముప్కాల్‌లో ఇచ్చారట, భర్త దుబాయి పోయాడట, మూడెకరాలూ తానే చేయిస్తోందట. మోటరు కాలితే మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా తానే విప్పి చూస్తానని చెప్పింది. నాకు లోపల పొంగింది. ఆ పుస్తకం గుర్తుందా అని అడిగాను.

"ఎందుకు లేదు? నువ్వు కాయిదం మార్చినవని గప్పుడే ఎరుక నాకు. కింద పాత జిగురు గులాబిగ అంటుకోనే ఉండె. బాపుకు చెప్పలే," అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళూ నేను ఆ పని చేసినందుకు మురిసిపోతూనే ఉన్నాను. ఆ మురిపెం నా మొహంలో కనపడి ఉంటుంది. ఆమె నవ్వు తగ్గించి, కొమ్ములు చేత్తో కలుపుతూ అంది.

"నాకైతే అందింది. బండి మీద మా చెల్లె గూడ ఉండె, పద్మ. సూసినవో లేదో."

చూశాను. బస్తాల మధ్యలో ఒక చిన్న తల. అంతకంటే గుర్తులేదు.

"మా బాపు నన్ను వద్దన్న నాడు అది బండి మీదికెల్లి అంత ఇన్నది. మల్ల ఎన్నడు దిగలే మీ దుకాణం కాడ. మరుసటేడు, ఆల్లు ఆ కాయిదాలు ఇప్పేసిండ్రు, బెంచేసిండ్రు, దా సూద్దువు అని నేను మస్తు సార్లు చెప్పిన. మనకేముంటయి అక్క అందుల, అన్నది. గంతే. నాలుగుతోని బడి గూడ బంద్ చేసింది."

వ్యాపారి పిలిస్తే ఆమె అటు తిరిగింది. అమ్మ పసుపు వాసన చూస్తూ నన్ను తొందరపెట్టింది. పద్మ ఇప్పుడెక్కడుందని అడిగాను. నవీపేటలో ఇచ్చామని, ఇద్దరు పిల్లలని చెప్పింది గంగామణి.

పిల్లలకి పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడు నేను గంగామణిని తలుచుకోను. ఆమె బండి ఆగకముందే దూకే పిల్ల, ఎక్కడ పెట్టినా వెతికి తీసుకుంటుంది. చింతచెట్టు కింద బస్తాల మధ్యలో కూర్చుని, దూరం నుంచే రంగు చూసి, అది తనకి కాదని తెలుసుకున్న పిల్లని తలుచుకుంటాను. ఆమె మొహం నాకు తెలియదు. ఆమె దిగి వచ్చే దారిలో నా వల్ల ఇంకో అడ్డం పడకూడదని మాత్రం తెలుసు.